కదళీ బీజము

పెండ్లిపందిరి గుంజలకు గెలతోఁగూడిన అరటిచెట్లు కట్టుట మనవారి ఆచారము. తల్లిచెట్టు గెలవేసి నేల కొరగులోపలనే దాని మొదట పిలకలు లేచును గనుక, వంశాభివృద్ధికి ఇంతకన్న చక్కని గుర్తు లేదని పెద్దలు భావించిరి. అయితే పిలకవలననే సంతానము పొందు ఈ చెట్టునకు బీజమెక్కడ? మన గ్రంథాలయమున వ్యవసాయ పత్రికలు చదువు యువకులు కొందరు ఈ ప్రశ్ననే మరొక తీరున వేసిరి. "మామిడి టెంక పాతినట్లు అరటి గింజను పాతి పెరటిలో చెట్టును పెంచరాదా?" అని వారి ప్రశ్న. ఈ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయ మేదైన వ్రాయుమని కార్యదర్శిగారు కోరినపుడు, రాజుల దండయాత్రలకన్న ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే మన లంకభూముల రైతులకు అక్కరకు వచ్చునని తోచినది.

బాగుగా మాగిన చక్కెరకేళి పండును అడ్డముగా కోసి చూచినచో నడుమ నల్లని సన్నని చుక్కలు కనబడును. అవియే ఎదుగని గింజలు. అడవి అరటిలో ఆ స్థానముననే మిరియమంత గింజలు, నల్లనివి, రాతివలె గట్టివి, పదులకొలది క్రిక్కిరిసి యుండును. గుజ్జు వాని నడుమ పూతపూసినట్లు మాత్రమే యుండును. అట్టి పండును తినబోయినవారికి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్లు అను మన సామెత ఎగతాళివలె వినబడక మానదు.

మనము పెంచు అరటులలో చాలవరకు రెండు అడవి జాతులనుండి పుట్టినవి. ఒకటి మూసా అక్యుమినాటా, రెండవది మూసా బల్బీసియానా. ఇటలీ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లుయీజీ కొల్లా 1820లో వీనికి ఈ పేళ్లు పెట్టెను. అంతకుముందు 1753లో లిన్నేయసు మహాశయుడు పెట్టిన పేరు గింజలేని తోట అరటికి సంబంధించినది. ఆయన బిడ్డలను చూచి పేరు పెట్టగా, తలిదండ్రులకు పేరు పెట్టుటకు అరువదియేడేండ్లు పట్టినదన్నమాట. ఏ తోట అరటిలో ఏ అడవిజాతి పాలు ఎంత యున్నదో లెక్కగట్టు పద్ధతిని సిమ్మండ్సు, షెపర్డు అను నిరువురు 1955లో ప్రకటించిరి. ఆ లెక్క ప్రకారము మన చక్కెరకేళి పూర్తిగా మొదటి జాతి సంతానము. అమృతపాణిలోను కర్పూర చక్కెరకేళిలోను మొదటిదాని పాళ్లు రెండు, రెండవదాని పాలు ఒకటి. కూరకు వాడు బొంతలో ఈ లెక్క తారుమారగును.

ఈ మూడు పాళ్ల సంగతిలోనే గింజ లేమికి కారణ మున్నది. అడవి అరటి కణమున 22 క్రోమోసోము లుండును. పుప్పొడి, అండము ఏర్పడునపుడు అవి పదునొకండు చొప్పున సరిగా పంపకమగును. మన తోట అరటులలో హెచ్చుభాగమునకు 33 గలవు. పదునొకండేసి గల మూడు వాటాలను ఇద్దరు అన్నదమ్ములకు చీల్చక పంచవలసి వచ్చినచో మధ్యవర్తి పడు అవస్థయే ఇచ్చటను కలుగును. పంపకము తేలదు, గింజ కట్టదు. ఇది యొక్కటే చాలదు. పుప్పొడి సోకకున్నను కాయ గుజ్జుపట్టు గుణము కూడ ఉండవలెను. ఈ రెండు గుణములును కలిసిన చెట్టు అడవిలో తనంతట తాను వంశమును దూరముగా వ్యాపింపజేసికొనలేదు. మనుష్యుడు పిలకను పెకలించి మోసికొని పోయిననే దానికి ప్రయాణము.

ఆ మోత ఎప్పుడు మొదలైనది? పాపువా న్యూగినీ కొండలలో కూక్ అను చిత్తడినేల కలదు. అచ్చట త్రవ్వకములు జరిపినవారు, నీరు నిలువకుండ మట్టిదిబ్బలు పోసి అరటి నాటిన జాడలను కనుగొని 2003లో ప్రకటించిరి. ఆ దిబ్బల వయస్సు ఆరువేల అయిదువందల సంవత్సరములకు పైబడినది. అరటి మ్రాను కుళ్లిపోవును, ఆకు కుళ్లిపోవును, మరి సాక్ష్య మేమి మిగిలెనని సందేహము కలుగవచ్చును. ఆకులో ఇసుకజాతి రేణువులు మిక్కిలి సూక్ష్మమైనవి ఏర్పడును. ఒక్కొక్క చెట్టు రేణువునకు ఒక్కొక్క ఆకారము. ఆకు మట్టియైపోయినను అవి చెడవు. రాతిశాసనము లేనిచోట ఇసుకరేణువే శాసనమైనది. ఆ ప్రాంతపు దీవులవారు పడవలలో పిలకలను దీవినుండి దీవికి చేర్చుటవలన అక్యుమినాటాలోని వేరువేరు శాఖలు కలిసి గింజ తగ్గెననియు, పిమ్మట ఆ చెట్లు బల్బీసియానా పెరుగు దేశములకు వచ్చి దానితో సంకరమయ్యెననియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

మన ప్రాచీన వాఙ్మయమున కదళి, రంభ, మోచ అను పేళ్లు ప్రసిద్ధములు. కవులు దాని నునుపును వర్ణించిరి. వేదాంతులు పొర వెంబడి పొర ఒలిచినను లోపల చేవ లేకుండుటను దృష్టాంతముగా గ్రహించిరి. గింజను గూర్చి పలికినవారు అరుదు. ఆ అరుదైన మాట నాకు బౌద్ధుల పాళీ గ్రంథములలో దొరకినది. కేణియుడను జటిలుడు పానకములు సమర్పించిన సందర్భమున బుద్ధభగవానుడు భిక్షువులకు ఎనిమిది విధములైన పానీయములను అనుమతించినట్లు వినయపిటకము చెప్పుచున్నది. వానిలో చోచపానము, మోచపానము అనునవి రెండు. అయిదవ శతాబ్దమున సింహళమందు వ్యాఖ్య రచించిన బుద్ధఘోషాచార్యుడు, చోచమనగా గింజగల అరటిపండ్ల రసమనియు, మోచమనగా గింజలేని అరటిపండ్ల రసమనియు వివరించెను. అనగా పదునైదువందల యేండ్లక్రిందట ఈ రెండును ప్రజలకు తెలిసినవే, రెండింటికిని వేరువేరు పేళ్లున్నవి, గింజ అరటిని పిసికి వడగట్టి త్రాగెడివారు. ఇంత స్పష్టమైన సాక్ష్యము మరే కావ్యమునను నాకు కనబడలేదు. కవులు చూడని దానిని ఆచారములు వివరించు వ్యాఖ్యాత చూచుట గమనింపదగినది.

తరువాతి శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున, కాండము నాటి, గోమయము పూసి పెంచవలసిన చెట్లను పేర్కొనుచు వానిలో కదళిని చేర్చెను. అప్పటికే తోటపనివానికి అరటియనగా విత్తునది కాదు, పాతునది. బీజము లేకపోవుట లోపమని ఎవరును తలచలేదు. తలచుటకు కారణమును లేదు. పండు మెత్తన, పిలక ఉచితము, ఫలితము నిశ్చితము.

నష్టము పందొమ్మిదవ శతాబ్దమునగాని బయటపడలేదు. గ్రోమిషెల్ అను రకపు మొక్కను మార్టినీక్ దీవినుండి 1835లో జమైకాకు పుయాట్ అను నాతడు తెచ్చెను. దాని పిలకలే మధ్య అమెరికా దేశములంతట నిండెను. అడవులు కొట్టి, రైలుమార్గములు వేసి, ఓడలలో ఎక్కించి ఆ ఒక్క పండునే అమెరికా, యూరపు సంతలకు అమ్మిరి. లక్షల చెట్లు, కాని నిజమునకు ఒకే చెట్టు. పనామా తెగులను శిలీంధ్రము వేరునుండి ప్రవేశించి ఒక చెట్టును చంపగలిగిననాడే అన్నింటిని చంపగలదని తేలిపోయినది. మట్టిలో దశాబ్దములు నిలుచు ఆ తెగులునకు మందు లేదు. 1960 ప్రాంతమునకు గ్రోమిషెల్ వ్యాపారము అంతమై, దాని స్థానమున కావెండిషు జాతి వచ్చెను. ఈ పేరు ఇంగ్లండులో చాట్స్‌వర్తు సౌధమునకు అధిపతియైన ఒక ప్రభువు ఇంటిపేరు. ఆయన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ 1830 ప్రాంతమున మారిషస్ నుండి వచ్చిన మొక్కను గాజుగదిలో పెంచి పూయించెను. 1838లో జాన్ విలియమ్స్ అను క్రైస్తవ ప్రచారకుడు ఆ సంతతి మొక్కలను గాజుపెట్టెలలో సమోవా దీవులకు కొనిపోయెను. మనవారు పొట్టి అరటి, వామనకేళి అనునదియు, కడప, అనంతపురము ప్రాంతముల విరివిగా పండు గ్రాండ్ నైన్ అనునదియు ఈ కుటుంబములోనివే. ఇపుడు ప్రపంచపు అరటిపంటలో సుమారు సగము ఈ కుటుంబమే. పాత తెగులునకు లొంగని ఈ జాతిని చంపగల క్రొత్త తెగులు 1960ల చివర తైవానులో తలయెత్తి, మన దేశమున బీహారులోను, 2019లో కొలంబియాలోను బయటపడినది.

పరదేశపు కథ యని దీనిని తోసివేయరాదు. మన అమృతపాణికి పాత పనామా తెగులే మృత్యువు. తెగులు సోకిన తోటనుండి పిలక తెచ్చి నాటుట తెగులును చేతులార తెచ్చి నాటుటయే. అందుచేత పలుచోట్ల రైతులు దానిని విడిచి కర్పూర చక్కెరకేళికి మారిరి. గ్రామ లెక్కలు వ్రాయువాడనగుటచే ఒక మాట చెప్పవలసియున్నది. అడంగలులో మనము "అరటి, ఇన్ని సెంట్లు" అని వ్రాసి ఊరకుందుము. ఏ అరటియని అడుగు గడి అందు లేదు. ఎనిమిదెకరముల అమృతపాణి పోయి ఎనిమిదెకరముల మరొక రకము వచ్చినను లెక్కకు తేడా కనబడదు. ఒక పండు ఊరినుండి వెడలిపోయిన సంవత్సరము ఏ దస్త్రమునందును దొరకదు.

తెగులునకు తాళు క్రొత్తరకము కావలెనన్న గింజయే కావలెను. ఈ యెరుకతో 1922లో ట్రినిడాడులోని వ్యవసాయ కళాశాలవారును, 1949లో మన పొరుగున తంజావూరు ప్రాంతమునందలి అడుతురై పరిశోధనాక్షేత్రమువారును అరటి సంకరము ప్రారంభించిరి. పని అనగా, గింజగల అడవి అరటి పుప్పొడిని తోట అరటి పువ్వునకు చేతితో అద్ది, పండిన గెలలను పిండి జల్లించి గింజకై వెదకుట. కొన్నిమార్లు గెలకొక్క గింజయు దొరకదు. దొరకిన దానిలో మొలక శక్తి యుండునో లేదో. పూర్వులు వేలయేండ్లు శ్రమించి పోగొట్టిన గింజను తరువాతివారు భూతద్దము పట్టి వెదకవలసి వచ్చినది. ఇంతటి వెదకులాటకు పుప్పొడినిచ్చునది కొండలలోని ఆ పనికిరాని అరటియే.

ఇచ్చట ఒక అపోహ తీర్చవలెను. ప్రయోగశాలలనుండి సంచులలో వచ్చు టిష్యూకల్చర్ మొక్కలు గింజనుండి పుట్టినవని కొందరనుకొనుచున్నారు. అవియు పిలక సంతతియే. పిలక మొవ్వులోని చిన్న ముక్కను సీసాలో పెంచి వేలుగా విభజింతురు. శుభ్రముగా చేసినచో తెగులు రాదు, అంతవరకు మేలే. కాని అన్నియు మరల ఒకే చెట్టు.

ఇక యువకుల ప్రశ్నకు వత్తును. తోట అరటిపండు చుక్కలను నాటినచో ఏమియు మొలవదు. గింజగల అరటి గింజ నాటినచో మొలచును. అస్సాములో భీమ్‌కల్ అను గింజ అరటిని పెరళ్లలో పెంచి, దాని గుజ్జును పసిపిల్లలకు పెట్టుదురు. తమిళదేశమున ఇలవాళై అను గింజ అరటిని ఆకు కొరకే పెంచుదురు. మన తూర్పుకనుమల తేమ లోయలలోను అడవి అరటి కలదు, కాని దానిని పెకలించి తెచ్చుట తగదు, పండిన పండునుండి నాలుగు గింజలు చాలును. రంగురంగుల బొమ్మలు చూపి నీలిరంగు పండ్ల అరటి గింజలని అమ్మువారి పొట్లములకు సొమ్ము పెట్టవలదు.

గింజ తాజాగా నుండవలెను, నెలలతరబడి ఎండబెట్టినచో శక్తి తగ్గును. గుజ్జు పోవునట్లు కడిగి, పైపెంకును గరుకురాతిపై కొంచెము రుద్ది, రెండుదినములు నీట నాననిచ్చి, ఇసుక, మెత్తని పెంట కలిపిన మట్టిలో అంగుళము లోతున పాతవలెను. ఎప్పుడును ఒకే వెచ్చదనము దీనికి సరిపడదు. పగలు బాగుగా వేడియు రాత్రి చల్లదనమును మారుచున్నపుడే బల్బీసియానా గింజ చక్కగా మొలచునని 1960ల తొలినాళ్లలో పరీక్షించి కనుగొనిరి. అడవిలో పెద్దచెట్టు కూలి ఎండ నేలకు సోకినచోట కలుగు స్థితి ఇదియే. మట్టి ఆరరాదు, నీరు నిలువరాదు. కొన్ని మూడువారములలో తలయెత్తును, కొన్ని నెలలు గడచినను కదలవు. కుండీని పారవేయక ఓపిక పట్టవలెను. మొలక మొదట గడ్డిపోచవలె నుండును గనుక కలుపు యనుకొని పీకివేయకుండ పిల్లలకు చెప్పియుంచుట మంచిది.

నాలుగైదు ఆకులైన పిమ్మట దొడ్డిలో నీరుపారు చోటికి మార్చినచో తక్కిన అరటివలెనే పెరుగును, పిలకలు వేయును, గెల దించును. రాత్రులందు గబ్బిలములు పువ్వులపై వ్రాలును. పండిన పిమ్మట గింజలు మనకు పంటికి రాళ్లు, పక్షులకు అడ్డు కావు. ఆకు మాత్రము గట్టిది, త్వరగా చినుగదు. పదిమంది భోజనమునకు కోసికొనవచ్చును.