తలక్రిందుల ప్రశ్న

మీరెప్పుడైనా స్పానిష్ పుస్తకం తెరిచి చూశారా? ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళు చూస్తే, అచ్చు కూర్చేవాడు నిద్రమత్తులో గుర్తులు తిరగేశాడనుకుంటారు. ప్రశ్న చివర మామూలు ప్రశ్నార్థకమే ఉంటుంది. మొదట్లో మాత్రం అదే గుర్తు తలక్రిందులుగా (¿) వేలాడుతూ ఉంటుంది. ఆశ్చర్యార్థకమూ అంతే. పొరపాటు కాదు సుమండీ!

1713లో మాడ్రిడ్‌లో స్పానిష్ భాషకని ఒక అకాడమీ పెట్టారు. వారు 1741లో వర్ణక్రమం గురించి పుస్తకం తెచ్చారు. 1754లో వచ్చిన దాని రెండవ కూర్పులోనే ఈ తలక్రిందుల గుర్తు పెట్టమన్నారు. ఎందుకూ అంటే, చదివేవాళ్ళ గొంతు కోసం! ఇంగ్లీషులో "డూ" అనో "ఆర్" అనో మొదటి మాటతోనే చాలామటుకు ప్రశ్న బయటపడుతుంది. స్పానిష్‌లో ఎప్పుడూ అలా కుదరదు. "వియెనె హువాన్" అంటే హువాన్ వస్తున్నాడు అని. అదే మాట గొంతు పెంచి అంటే, వస్తున్నాడా అని. చిన్న వాక్యమైతే సరే, అర పేజీ సాగిందనుకోండి, చివరిదాకా వెళ్తేగాని అది ప్రశ్న అని తెలియదు. మొదట్లో ఇలాంటి పొడుగు ప్రశ్నలకే ఆ గుర్తు అనుకున్నారు. తరువాత అన్నిటికీ తప్పనిసరి అయింది.

ఈ బాధ నాకు బాగా తెలుసు. మన తెలుగులోనూ ప్రశ్న తోకలోనే కదా ఉండేది! ఒకసారి మైకు ముందు నాలుగు పంక్తుల వాక్యాన్ని తీర్పు చెబుతున్నట్టు చదువుకొచ్చాను. తీరా చివర చూస్తే "అనగలమా?" అని ఉంది. నోరు దాటిన గొంతును వెనక్కి తీసుకునేదెట్లా?

ఇంకో సంగతి. ఆ గుర్తు వాక్యం మొదట్లోనే ఉండాలని లేదు. "నువ్వు రాకపోతే, ¿నేనెవరితో వెళ్ళను?" ఇలాగన్నమాట, ప్రశ్న ఎత్తుకున్న చోటే.

నెలల పేర్లూ, వారాల పేర్లూ వాళ్ళు చిన్న అక్షరంతోనే మొదలుపెడతారు. మన ఇంగ్లీషు బళ్ళో అయితే మార్కులు పోయేవి. 'న' అక్షరం మీద వంకర గీత ఒకటుంటుంది. పూర్వం లేఖకులు రెండు 'న'లు రాయడానికి బద్ధకించి, రెండోదాన్ని గీతగా పైకెక్కించారు. అది ఉంటే "ఆన్యో", సంవత్సరం. గీత మరిచారో, రేడియోలో చెప్పకూడని మాట అవుతుంది!

చిలీ కవి పాబ్లో నెరూడా ఈ ముందు గుర్తును పెద్దగా లెక్కచేయలేదు. ఆయన పోయాక 1974లో వచ్చిన ప్రశ్నల పుస్తకంలో అన్నీ ప్రశ్నలే, గుర్తు మాత్రం చివరనే. ఇప్పుడు ఫోన్లలో రాసుకునే కుర్రకారూ దాన్ని ఎగవేస్తున్నారు. అకాడమీ మాత్రం రెండూ ఉండవలసిందే అంటోంది. నేనైతే నా రేడియో కాగితాల మీద పెన్సిలుతో ముందే గీసి పెట్టుకుంటున్నాను.