అతిథి, చుట్టము, సంక్రాంతి

ఇంటికి వచ్చినవారిని మనము రెండు మాటలతో వేరుచేస్తాము: ఒకరు అతిథి, ఒకరు చుట్టము. మొదటిది సంస్కృతము, రెండవది తెలుగు. భేదము మాటలతోనే ఆగలేదు. రాకకు తిథినియమము లేనివాడు అతిథి అని సంప్రదాయ వ్యుత్పత్తి. పరుల ఇంట ఒక్క రాత్రి నిలిచేవాడే అతిథి అని మనుస్మృతి లక్షణము చెప్పినది. తైత్తిరీయోపనిషత్తు అతనిని దైవముగా చూడుమన్నది. చుట్టము సంగతి వేరు. అతని ఊరూ పేరూ, రుచులూ అలుకలూ ఇంటిల్లిపాదికీ తెలుసు. వచ్చే రోజు తెలుసు. పోయే రోజే తెలియదు. మన ప్రాచీన కవులు అతిథిపై చూపిన శ్రద్ధ పండుగకు వచ్చిన చుట్టముపై చూపలేదు. అందువల్ల మరుగుపడినది ఏమి అన్నదే ఇక్కడ విచారించదలచిన విషయము.

శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంటి భోజనమును ఋతువుల వరుసలో వర్ణించినాడు. వానకాలమున కట్టెలు మండవు గనుక ఎండిన కొబ్బరి చిప్పలతో వంట. వడ్డనకు వరుగులు, వడియములు. వేసవిలో గోరువెచ్చని అన్నము, తియ్యని చారు, చలువచేసే పానీయములు. చలికాలమున మిరియపు కారముతో వేడి కూరలు, ఆవఘాటు గల పచ్చళ్ళు. వంటచెరకు సంగతి కూడ ఎరిగిన రాజు ఆయన. అల్లసాని పెద్దన మనుచరిత్రములో ప్రవరుని ఇల్లాలిని అన్నపూర్ణతో సరిపోల్చి, వేయిమంది వచ్చినా ఆమెకు వంటలో అలసట లేదన్నాడు. శ్రీనాథుని హరవిలాసములో చిరుతొండనంబి దంపతులు శివుడు మారువేషమున వచ్చి కోరగా కన్నకొడుకునే వండి వడ్డించినారు. ఈ మూడు ఇండ్లలోనూ భోజనమునకు వచ్చినది బంధువు కాడు. అతిథిసేవ గృహస్థుని పుణ్యము. గృహిణి అలయకపోవుట ఆ పుణ్యమునకు అలంకారము. ఆమె నిజముగా అలసినదా అని విచారించే అవసరము ఆ కావ్యధర్మమునకు కలుగలేదు.

చుట్టమును గురించి మాట్లాడినది సామెత. "అల్లునికి నెయ్యి లేదు, అల్లునితో వచ్చినవారికి నూనె లేదు" అన్నప్పుడు ఆ ఇంటి జాడీలు మనకు కనబడతాయి. "చుట్టమై వచ్చి దయ్యమై పట్టినట్లు" అన్నది ఎదుట అనరాని మాట. అందుకే సామెత అయినది. "కనుమనాడు కాకైనా కదలదు" అన్నది మరింత గమనింపదగినది. మూడవనాడే బండి ఎక్కదలచిన అల్లుని ఆపుటకు అత్తగారికి ఇంతకు మించిన శాస్త్రము అక్కరలేదు. అయితే కనుమ పశువుల పండుగ. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, వాటికి విశ్రాంతి ఇచ్చే రోజు. ప్రయాణమంటే ఎడ్లబండి అయిన కాలమున ఎద్దు కదలని నాడు చుట్టమూ కదలడు గదా! మర్యాదగా మిగిలిన ఈ మాటకు మూలము వ్యవసాయములో ఉన్నదని తోస్తుంది.

మనము ఇప్పుడు ఎరిగిన సంక్రాంతి సందడికి మరికొంత ఇటీవలి చరిత్ర కూడ ఉన్నది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో, బెజవాడలో కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తి అయినవి. కాలువలు వరికి నీటిని, పడవలకు దారిని ఇచ్చినవి. పుష్యమాసమునకు గాదె నిండిన ఇల్లు పదిమందిని పిలువగలిగినది. 1889లో హైదరాబాదు వైపునుండి రైలు బెజవాడకు చేరినది; 1900లో రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలు వంతెన వెలసినది. రైలు పల్లెబిడ్డలను చదువులకు, ఉద్యోగములకు దూరము కొనిపోయినది. పండుగకు తిరిగి తెచ్చినదీ రైలే. సంక్రాంతి సూర్యుని లెక్కను పట్టి వచ్చే పండుగ గనుక ఇంగ్లీషు కాలమానమున ఏటేటా ఒకేచోట నిలుస్తుంది. 1863లో అది జనవరి 12న వచ్చినది. ఇప్పుడు 14 లేక 15. ఉగాది, దీపావళి తిథులతో పాటు తిరుగుతూ ఉండగా, సంక్రాంతి కచేరీ సెలవుతో సులభముగా పొత్తు కుదుర్చుకొన్నది. తిథి లేనివాడు అతిథి అయితే, తేదీ చూచి టిక్కెట్టు కొన్నవాడు చుట్టము.

తెలంగాణమున ఆడబిడ్డ పుట్టింటికి వచ్చే పెద్ద పండుగ దసరా. ఎంగిలిపూల నాటినుండి సద్దుల వరకు తొమ్మిది రోజుల బతుకమ్మ ఆ రాకతోనే నిండుతుంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినది. మాసము వేరు, పూలు వేరు; గడపలో ఎదురుచూపు ఒక్కటే.

ఈ రాకకు ముందు ఇంటిలో జరిగే పనిని కూడ చరిత్రలో చేర్చవలసి ఉన్నది. అరిసెకు బియ్యము నానవలెను, తడి ఆరకముందే దంచవలెను, బెల్లపు పాకము అదును తప్పరాదు. ఒకరు పాకము తిప్పితే ఒకరు నూనె వద్ద, ఒకరు చెక్కల మధ్య ఒత్తుటకు కూర్చుండవలెను. తెలంగాణపు సకినాలకు నలుగురు స్త్రీలు బట్ట పరచి చుట్టూ కూర్చుని పిండిని వేళ్ళతో మెలిపెట్టి చుట్టవలెను. ఇవి ఒంటరి వంటలు కావు. ఇరుగుపొరుగు వంతులు వేసుకొని ఒకరింటి పిండివంటకు మరొకరు సాయపడినారు.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. పండుగకు కూతురు పుట్టింటికి రావలెను. ఆ ఇంటి కోడలు కూడ మరొక ఇంటి కూతురే. ఆమెకూ పుట్టిల్లు ఉన్నది. ఆమె వెళితే వచ్చిన ఆడపడుచుకు వండిపెట్టేవారు తక్కువ; ఆమె ఆగితే అక్కడ మరొక తల్లి గడప చూస్తూ ఉంటుంది. ఒకే స్త్రీ ఒక ఇంట చుట్టము, మరొక ఇంట ఆతిథేయి. రెండును ఒకే మూడు రోజులలో. అత్తగారి అనుమతి, అన్నగారి పిలుపు, రైలు వేళలు కలిస్తేనే ఆమెకు పండుగ. మన కావ్యములు అర్ధరాత్రి వచ్చిన అతిథికి అన్నము పెట్టిన చేతిని పొగిడినవి. ఆ చేయి ఏడాదికి ఒకసారి తన తల్లి పెట్టిన అన్నము తినుటకు ఎంత ఎదురుచూచినదో చెప్పలేదు.

ఇరవయ్యవ శతాబ్ది చివరి పాదమున పి. సత్యవతిగారి "ఇల్లలకగానే" కథ ఈ లోటును కొంత పూరించినది. ఇల్లలకగానే పండుగ కాదన్న సామెతనుండి పుట్టిన పేరు అది. అందులోని ఇల్లాలు ఇల్లు అలికి అలికి తన పేరు మరచిపోయినది. పుట్టిన ఊరికి పోయి, చిన్ననాటి నేస్తము పిలువగా దానిని తిరిగి తెచ్చుకొన్నది. పెద్దన చెప్పిన అలయని గృహిణికి ఇది నాలుగు శతాబ్దములు దాటి వచ్చిన సమాధానమని నేను భావిస్తాను. పుట్టింటి ప్రయాణము విందుకొరకు మాత్రమే కాదని, పేరు పెట్టి పిలిచేవారికొరకు కూడనని ఆ కథ చెప్పినది.

పండుగ కథలు ఏటా వస్తున్నవి. వాటిలో ముగ్గులు, గొబ్బెమ్మలు, కొత్త అల్లుని వేళాకోళములు కొరత లేకుండ ఉన్నవి. కనుమ మరునాడు అందరినీ బండి ఎక్కించి, ఖాళీ డబ్బాలు తుడిచి అటక మీద పెట్టే కోడలి కథ ఇంకను రావలసి ఉన్నది. ఆమె ఆ ఏడు పుట్టింటికి పోయినదా లేదా అన్న ప్రశ్నతో ఆ కథ ప్రారంభము కావచ్చును.