గుమ్మానికి వచ్చిన బంతిపువ్వు

అక్టోబరు మాసం ప్రవేశించగానే మనం నివసించే ఈ అమెరికా వీధులు రంగు మార్చుకుంటాయి. ప్రతి ఇంటి ముంగిటా గుమ్మడికాయలు బారులు తీరుతాయి. వాటి పక్కన గడ్డిమోపులు, ఎండిన మొక్కజొన్న కంకులు, కుండీల నిండా చేమంతులు కనిపిస్తాయి. ఇంచుమించు అవే రోజుల్లో మన ఇళ్లలో శరన్నవరాత్రులు జరుగుతాయి. మన గడపలకు పసుపు, గుమ్మాలకు బంతిపూల దండలు, బతుకమ్మ పళ్లెంలో పూల వరుసలు. ఎదురెదురు ఇళ్లు రెండూ ఒకే వన్నెలో వెలుగుతుంటాయి.

ఒక ఏడు బతుకమ్మ పేర్చడానికి మా ఇంట నలుగురం కూర్చున్నప్పుడు, పదేళ్ల పిల్ల ఒకతె బంతిపువ్వును చేతిలో తిప్పుతూ, "అమ్మమ్మా, ఇది మెక్సికో పువ్వని మా బడిలో చెప్పారు. మరి ఇది మనది ఎలా అయింది?" అని అడిగింది. పక్కనున్న పెద్దావిడ మొగం చిన్నబోయింది. "బంతి లేని పండుగ ఉంటుందా తల్లీ! మా అమ్మ, మా అమ్మమ్మ, అందరూ ఈ పూలతోనే చేశారు" అన్నారు. పిల్ల మాట నిజమే, పెద్దావిడ మాటా నిజమే. ఈ రెండు నిజాలు ఒకే పళ్లెంలో ఎలా ఇమిడాయో తెలుసుకోవడానికే ఈ వ్యాసం.

బంతి లేని రోజుల తోరణం

1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరానికి వచ్చాడు. అప్పుడు రెండవ దేవరాయలు రాజ్యమేలుతున్నాడు. ఆ నగరంలో ఎక్కడ చూచినా గులాబీలు అమ్ముతారనీ, అక్కడి జనులకు అన్నమెంత అవసరమో గులాబీలూ అంత అవసరమనీ ఆయన వ్రాసుకొన్నాడు. మన పూర్వులకు పూలంటే ఎంత మక్కువో చెప్పడానికి ఈ సాక్ష్యం చాలు. అయితే ఆ అంగళ్లలో బంతిపువ్వు లేదు. ఉండే వీలూ లేదు. కొలంబసు అట్లాంటిక్ సముద్రాన్ని దాటింది 1492లో. అంతకు ముందు అమెరికా ఖండాల మొక్క ఏదీ మన రేవులకు చేరే మార్గం లేదు.

మరి ఆనాటి గుమ్మానికి ఏముండేది? మామిడాకులు ఉండేవి, నేటికీ ఉన్నాయి. మల్లె, సంపెంగ, మొగలి, తామర, కలువ మన సాహిత్యంలో అనాదిగా పరిమళిస్తున్నవే. గులాబీ మాత్రం తన పారశీక నామంతోనే వచ్చి మన భాషలో స్థిరపడింది. దాని పేరే దాని రాకను చెబుతుంది.

పేరు మార్చుకొన్న అతిథి

బంతి జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. అక్కడి నహువా జనుల భాషలో దాని పేరుకు 'ఇరవై పూలు' అని అర్థం. ఇరవై అంటే లెక్కలేనన్ని రేకులని భావం. నేటికీ మెక్సికోలో నవంబరు 1, 2 తేదీలలో కుటుంబాలు తమ పితరులను స్మరిస్తూ ఇంట వేదికలు అమర్చి, బంతిపూలతో అలంకరిస్తాయి. చనిపోయినవారు దారి తప్పక ఇంటికి రావాలని రేకులతో బాట పరుస్తాయి. బతుకమ్మ మొదటి రోజు మహాలయ అమావాస్య. అది మనమూ పితృదేవతలను తలచుకొనే దినమే. ఒకరిని చూచి మరొకరు నేర్చుకొన్న ఆచారాలు కావివి. అయినా ఈ పోలికను గమనించినప్పుడు ఆ దేశస్థులైన ఇరుగుపొరుగువారి మీద మనసులో ఒక ఆత్మీయత కలుగుతుంది.

16వ శతాబ్దిలో స్పెయిన్ నావికులు ఈ పువ్వును ఐరోపాకు తీసుకొనిపోయారు. పోర్చుగీసువారు 1498లో కాలికట్ చేరి, 1510లో గోవాను ఆక్రమించారు. వారి ఓడల రాకపోకలతోనే బంతి మన దేశానికి వచ్చిందని సాధారణంగా చరిత్రకారులు భావిస్తారు. మిరప, వేరుశనగ, జామ, సీతాఫలం సైతం అమెరికా ఖండాల నుండి వచ్చినవే.

ఇక్కడొక ముచ్చట గమనించదగినది. గులాబీవలె బంతి తన పేరును వెంట తెచ్చుకోలేదు. గుండ్రంగా ఉన్న ఆ పువ్వును చూచి మనవారు తమ ఆటవస్తువు పేరే పెట్టుకొన్నారని తోస్తుంది. హిందీలోనూ 'గేంద్' అంటే బంతి, 'గేందా' అంటే బంతిపువ్వు. ఆంగ్లేయులు దానిని మేరీమాత బంగారంగా పిలుచుకొన్నారు, పైగా 'ఆఫ్రికన్' అని ఒక తప్పు విశేషణం కూడా తగిలించారు. ప్రతి జాతీ ఆ పువ్వుకు తన పేరు పెట్టుకొన్నది. సొంత పేరు పెట్టిన వస్తువును పరాయిదని ఎవరు తలుస్తారు? రెండు మూడు తరాలు గడిచేసరికి బంతి వచ్చిన దారి మరుగునపడి ఉంటుంది.

గుమ్మడి సంగతి

మెక్సికోలోని ఓహాకా ప్రాంతపు గుహలో దొరికిన గుమ్మడిగింజలు సుమారు 10,000 ఏళ్ల నాటివి. ఇక్కడి వాకిళ్లలో కనిపించే గుమ్మడి ఆ జాతిదే. మన పెరటి తీపి గుమ్మడి దానికి దగ్గరి చుట్టం, అదీ అమెరికా ఖండాలదే. దిష్టి తగలకుండా గుమ్మానికి వేలాడదీసే బూడిద గుమ్మడి మాత్రం వేరు. అది ఆసియాకు చెందినది, సంస్కృతంలో కూష్మాండం. కొత్తగా వచ్చిన కాయ, పాత కాయ రెండూ ఇప్పుడు మన ఇళ్లలో గుమ్మడులే.

సంక్రాంతి ముగ్గుల నడుమ ఉంచే గొబ్బెమ్మల మీద గుమ్మడిపువ్వు పూస్తుంది. బతుకమ్మ శిఖరాన పసుపు గౌరమ్మ దగ్గర గుమ్మడిపువ్వే నిలుస్తుంది. కింది వరుసల్లో తంగేడు, గునుగు, నడుమ బంతి, చేమంతి. తంగేడు మన నేల బిడ్డ, తెలంగాణ రాష్ట్ర పుష్పం. చేమంతి సాగుకు ప్రాచీన నిలయం చైనా. బంతి, గుమ్మడి అమెరికావి. 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించిన బతుకమ్మలో ఇన్ని దేశాల పూలు ఒక్క పళ్లెంలో కూర్చున్నాయి.

గుమ్మడికాయను తొలిచి దీపం పెట్టే ఇక్కడి ఆచారమూ వలసవచ్చినదే. ఐర్లండులో టర్నిప్ దుంపలను తొలిచి దీపాలు చేసేవారు. అక్కడి నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారికి గుమ్మడికాయ సులువుగా దొరికింది. ఆచారం నిలిచింది, వస్తువు మారింది.

వంటింటి బాకీ

ఇంతవరకు మనం పుచ్చుకొన్నవాటిని చూచాము. మనం ఇచ్చినవీ ఉన్నాయి. నవంబరులో పొరుగువారు ప్రేమతో పంపే గుమ్మడి 'పై'ని ఒకసారి రుచి చూడండి. 1796లో అమీలియా సిమన్స్ ప్రచురించిన 'అమెరికన్ కుకరీ' ఈ దేశపు తొలి వంటపుస్తకంగా పేరొందినది. అందులో గుమ్మడి వంటకానికి చక్కెర, జాపత్రి, జాజికాయ, అల్లం చెప్పబడ్డాయి. జాజికాయ, జాపత్రి ఇండోనేషియాలోని బండా దీవులవి. అల్లం ఆసియాది. సంస్కృత 'శృంగవేరం' గ్రీకు, లాటిను భాషల మీదుగా 'జింజర్' అయింది.

చక్కెర సంగతి మరీ ఆసక్తికరం. చెరకురసాన్ని కాచి పలుకులుగా చేసే విద్యలో భారతదేశం ప్రాచీనకాలంలోనే ఆరితేరింది. 7వ శతాబ్దిలో చైనా చక్రవర్తి తైజాంగ్ ఆ విద్య నేర్చుకొని రమ్మని మగధకు మనుషులను పంపాడు. మన 'శర్కర' పారశీక, అరబ్బు భాషలు దాటి ఐరోపా భాషలలో 'షుగర్' అయింది. 'ఖండ' నుండి 'క్యాండీ' పుట్టింది. పండుగనాడు ఇక్కడి పిల్లలు సంచులు పట్టుకొని ఇంటింటా అడిగే తీపిముక్క పేరులో మన మాట ఉన్నది.

మన పండుగ వంటలో పొయ్యి మీది మూకుడుదే పెత్తనం, రొట్టెల పొయ్యిది కాదు. అరిసె చేయాలంటే బియ్యం నానబెట్టి, తడి ఆరకముందే పిండి కొట్టాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. అప్పుడే పిండి కలిపి చలిమిడి చేసి, నువ్వులద్ది, ఆకు మీద తట్టి, నేతిలో వేయించి, చెక్కల మధ్య నొక్కి నెయ్యి దించాలి. అంగడిలో దొరికే పొడి బియ్యప్పిండితో మొదటిసారి చేసినప్పుడు మా అరిసెలన్నీ మూకుడులో విచ్చిపోయాయి. తడిపిండి ఎందుకో పెద్దలు చెప్పలేదు, మేమూ అడగలేదు. పోయిన తరువాత తెలిసినవి ఇలా ఎన్నో! అందుకే పిల్లలు ప్రశ్న వేసినప్పుడు విసుగుపడక సమాధానం చెప్పడం మన బాధ్యత.

పిల్లకు సమాధానం

ఆ రోజు బతుకమ్మకు మాకు తంగేడు దొరకలేదు. గునుగుకు బదులు అంగడిలో అమ్మే సెలోసియా పూలు తెచ్చాము. అది గునుగు కుటుంబానిదే. బంతి మాత్రం పెరట్లోనే విరగబూసింది. ఆలోచిస్తే ఇందులో విచిత్రం ఉన్నది. మనం పుట్టింటిని విడిచి ఇంతదూరం వచ్చాము. బంతి మాత్రం మన ఇంట అయిదు వందల ఏళ్లకు కొంచెం తక్కువ కాలం కాపురముండి, మనతోపాటు తన పుట్టింటి సమీపానికి తిరిగివచ్చింది.

కనుక పిల్లలకు చెప్పవలసినది ఇది: బంతి మెక్సికోలో పుట్టింది, మన గడప మీద పెరిగింది. ఈ రెంటిలో ఏ ఒక్కటీ దాచనక్కరలేదు. తరతరాల తల్లులు ప్రతి ఏటా విత్తనం నాటి, దండ గుచ్చి, ఎండిన పువ్వును కాగితంలో చుట్టి మరుసటి ఏటికి దాచారు. దానిని మనదిగా చేసింది ఆ శ్రమే. మనం ఈ నేల మీద మన పండుగలను నిలుపుకోవాలన్నా చేయవలసిన పని అటువంటిదే.

చలి ప్రాంతాలలో ఉన్నవారు మంచు కురిసే కాలం ముగియడానికి ఆరు వారాల ముందే ఇంట్లో కిటికీ దగ్గర చిన్న కుండీలలో బంతి విత్తనాలు చల్లాలి. మంచు భయం తీరాక నారు పెరట్లో నాటితే దసరాకు పూలు చేతికి వస్తాయి. తొలి మంచుకు మొక్క వాడిపోతుంది కనుక ముందుగానే పూలు కోసుకోవాలి. కొన్ని పూలను చెట్టుమీదే ఎండనిచ్చి, ఒక చివర నల్లగా, మరొక చివర తెల్లగా ఉండే సన్నని గింజలను పిల్లల చేతనే తీయించండి. కాగితపు పొట్లం మీద ఆ ఏటి సంవత్సరాన్ని, పండుగ పేరును తెలుగులో వాళ్ల చేతనే వ్రాయించండి.

మా ఇంట అడిగిన ఆ పిల్ల నిరుడు అలాగే వ్రాసింది. 'బంతి' అనడానికి 'భంతి' అని వ్రాసింది. పెద్దావిడ నవ్వి ఆ పొట్లాన్ని అలాగే దాచారు.