దివిసీమ: ఉప్పెన తర్వాతి సేద్యం

అట్లాంటా వచ్చిన బంధువులను మా కమ్మింగ్ పక్కనున్న లేనియర్ సరస్సుకు తీసుకువెళ్ళని తెలుగు కుటుంబం ఇక్కడ అరుదు. ఆ నీటి అడుగున ఒకప్పుడు పొలాలుండేవని మాత్రం చాలామందికి తెలియదు. 1956లో బ్యూఫర్డ్ ఆనకట్ట తలుపులు మూసి చట్టాహూచీ నదిని నిలిపారు. ఆ సరస్సు కోసం సుమారు 700 కుటుంబాలు తమ భూములకు ప్రభుత్వమిచ్చిన సొమ్ము పుచ్చుకుని వెళ్ళిపోవలసి వచ్చింది. ఇక్కడ నీరు వచ్చి ఉండిపోయింది, రైతు కదిలాడు. కృష్ణాజిల్లా దివిసీమలో పుట్టిన నాకు ఇందుకు ఎదురు కథ తెలుసు. అక్కడ నీరు ఒక్క రాత్రిలో వచ్చిపోయింది. రైతుకు వేరే చోటు లేదు.

1977 నవంబరు 19, శనివారం. అమెరికాలో మనవాళ్ళు న్యూయార్కులో తొలి తెలుగు మహాసభ జరుపుకున్న సంవత్సరమే అది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రం దాకా ఉన్నదే దివిసీమ. సార్వా వరి కోతకొచ్చిన రోజులు. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం మీదపడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. కనీసం 10 వేల మంది పోయారు. కోతలకు పైఊళ్ళ నుంచి వచ్చిన కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవని మా నాన్నగారు ఇప్పటికీ అంటారు.

మండలి వెంకటకృష్ణారావుగారి సేవ, ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు సేకరించడం, రామకృష్ణ మిషన్ కట్టిన ఇళ్ళు మనందరం విన్నవే. పొలం ఎలా బాగుపడిందన్నది మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు.

నీరు తీశాక చేలమీద తెల్లగా ఉప్పు పేరుకుంది. దున్నుదామంటే ఎడ్లు లేవు. మిగిలిన జత ఒకటుంటే నాలుగిళ్ళవాళ్ళూ వంతులేసుకున్నారు. ఉప్పు పోవాలంటే మార్గం ఒక్కటే. గట్లు వేసి కాలువ నీరు పెట్టి, నిలవగట్టి, దమ్ము చేసి, ఆ నీటిని మురుగుకాలువలోకి వదలాలి. మళ్ళీ పెట్టాలి, మళ్ళీ వదలాలి. మురుగుకాలువేమో కూలిన చెట్లతో, పశువుల కళేబరాలతో పూడిపోయింది. పైగా ఒక్కడు చేసుకునే పని కాదిది. మెరక రైతు వదిలిన ఉప్పునీరు పల్లపు రైతు చేలో పడుతుంది. అందుకే తగాదాలున్న గట్లవాళ్ళు కూడా కలిసి కూర్చుని ఏ రోజు ఎవరు నీరు వదలాలో మాట్లాడుకున్నారు. ఆ తర్వాత జీలుగ చల్లి, ఎదిగాక కలియదున్నారు. కాలువ పూడిక తీసింది గుడిసెలు, బిడ్డలు పోగొట్టుకున్న కూలిజనమే. భూమి ఉన్నవాళ్ళ ఓర్పును పొగిడేటప్పుడు మనం వీళ్ళను మరచిపోతుంటాం, అది న్యాయం కాదు.

1990లలో రొయ్యల చెరువులొచ్చాయి. అంత కష్టపడి కడిగిన నేలలోకి ఉప్పునీటిని మనవాళ్ళే తోడిపెట్టుకున్నారు. అప్పుతీర్చాలన్న రైతును నేను తప్పుపట్టలేను గానీ, పక్కచేను చౌడుబారితే ఎవరు జవాబుదారీ?

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. అంత నీరు అంతకుముందెన్నడూ పోలేదు. లంకల్లో అరటి, పసుపు మునిగాయి. మాతో ఉంటున్న నాన్నగారు ఊళ్ళో ఉన్న బాబాయి కొడుక్కి ఫోన్ చేయించారు.

"నీళ్ళు ఉప్పగా ఉన్నాయట్రా?"

"లేదు పెదనాన్నా, ఏటి నీళ్ళే. ఒండ్రు పడింది."

"అయితే మురుగు చూసుకోండి ముందు," అన్నారాయన.