తెమడ పరీక్ష నుంచి కడుపు పరీక్షకు

వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టల మీద నిజాం జమానాలో క్షయ శానిటోరియం వెలసింది. చెట్లగాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే అప్పటి ప్రధాన చికిత్స. సరైన మందు అందకపోయినా జబ్బేమిటో మాత్రం తేల్చుకునే వీలుండేది. 1882లో రాబర్ట్ కాక్ చూపించిన సూక్ష్మజీవిని తెమడలో వెతికితే చాలు. 1962లో జాతీయ క్షయ కార్యక్రమం మొదలయ్యాక ఆ పరీక్ష మెల్లగా చిన్న దవాఖానాలకూ దిగింది. అజీర్తి విషయంలో ఈ వరుస తలకిందులైంది. మందు ముందొచ్చింది, కారణం తర్వాత తెలిసింది, పరీక్ష అన్నిటికన్నా వెనకబడింది. తాండూరులోనైనా పరిగిలోనైనా ‘గ్యాస్’ అనగానే మెడికల్ షాపులో గోలీ చేతికి రావడానికి ఈ తలకిందుల చరిత్రే కారణమని నా వాదన.

కాక్ ప్రకటించిన సరిగ్గా వందేళ్లకు, 1982లో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్‌ల ప్రయత్నం ఫలించింది. ఈస్టర్ సెలవుల వల్ల ఇంక్యుబేటర్‌లో మామూలు కన్నా ఎక్కువ రోజులు ఉండిపోయిన పళ్లెంలో కడుపులోని బ్యాక్టీరియా పెరిగింది. అదే హెలికోబ్యాక్టర్ పైలోరి. అప్పటిదాకా కడుపులో పుండుకు కారం, పులుపు, మనోవ్యథ కారణమనేవారు. (మన దిక్కున కందిపప్పు కూడా పాపం కొంత నింద మోసింది.) 2005లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. పరీక్ష చిత్రంగా ఉంటుంది. ఎండోస్కోపీ గొట్టంతో జీర్ణాశయపు పొర నుంచి బియ్యపు గింజ కన్నా చిన్న ముక్క తీసి, యూరియా కలిపిన పసుపుపచ్చ జెల్‌లో పెడతారు. బ్యాక్టీరియా ఉంటే యూరియా విరిగి అమ్మోనియా పుడుతుంది, జెల్ గులాబీ రంగుకు తిరుగుతుంది. కానీ ఆ గొట్టం పెద్ద ఆస్పత్రుల వస్తువు. దానికోసం చాలాకాలం హైదరాబాద్ దారి పట్టాల్సి వచ్చేది.

మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ బ్యాక్టీరియాను మోస్తున్నవారే, ఇక పరీక్షెందుకని కొందరు వైద్యులే అడుగుతారు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. పుండు లేని అజీర్తిలో బ్యాక్టీరియాను చంపితే అదనంగా మేలు కలిగేది పది పదిహేను మందిలో ఒకరికే. కానీ పుండు ఉన్నవాళ్లకు అదే శాశ్వత చికిత్స. పైగా 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. రుజువు లేకుండా యాంటీబయాటిక్‌లు వాడితే అవి మొద్దుబారతాయి. ఆ మాటకొస్తే, పరీక్ష వద్దనడానికి చూపే కారణమే గుడ్డి వైద్యం వద్దనడానికీ కారణం. చిన్న ల్యాబుల్లో చేసే రక్తపరీక్ష మీద నాకు గురి లేదు. బ్యాక్టీరియా పోయాక కూడా యాంటీబాడీలు నెలల తరబడి నిలుస్తాయి కనుక అది పాత కథకూ కొత్త జబ్బుకూ తేడా చెప్పలేదు. మలంలో యాంటిజెన్ వెతికే పరీక్షకు గొట్టం అక్కర్లేదు. ఒకనాడు తెమడ డబ్బీని పంపినట్టే చల్లగా భద్రపరచిన డబ్బీని తాండూరు నుంచి ల్యాబుకు పంపవచ్చు. నల్లటి విరేచనం, బరువు తగ్గడం, రక్తహీనత ఉన్నవారు మాత్రం ఎండోస్కోపీకే వెళ్లాలి. పరీక్ష చేయించుకునేవారు డాక్టరును అడిగి గ్యాస్ గోలీని రెండు వారాల ముందు, యాంటీబయాటిక్‌లను నాలుగు వారాల ముందు ఆపాలి. లేకుంటే బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు.