పరదేశి మిడత

2020వ సంవత్సరము మే మాసాంతమున, ఎడారి మిడతల దండులు రాజస్థానమును దాటి విదర్భ వరకు వచ్చినవను వార్త తెలుగునాట వ్యాపించుచుండగా, అనంతపురము జిల్లా రాయదుర్గమున జిల్లేడు చెట్లపై క్రిక్కిరిసి మేయుచున్న రంగురంగుల మిడతలు జనుల కంటబడినవి. దండు వచ్చిపడినదనియే పలువురు తలచిరి. పరిశీలింపగా అవి జిల్లేడును ఆశ్రయించి బ్రదుకు స్థానిక జాతియేయని తేలినది. పసుపు మేనిపై నీలి చారలు గలిగి, ముట్టుకొన్నంతనే విషద్రవమును చిమ్ము ఈ కీటకమునకు 1775లోనే కీటకశాస్త్రవేత్త ఫాబ్రీషియసు లాటిను నామకరణము చేసియుండెను. భయము పుట్టిననాడు ఇంటి చుట్టమును సైతము దొంగయని తరుముట లోకసహజము గదా!

స్వదేశియా, పరదేశియా యను ఈ విచారము మన దేశమున క్రొత్తది గాదు. 1903–04లో బొంబాయి రాజధానిలోని పైరులను మిడతలు పాడుచేసినప్పుడు, వాయవ్య భారతమును పీడించు ఎడారి మిడతకును దీనికిని గల భేదమును నిర్ణయించుట ప్రభుత్వమునకు అత్యావశ్యకమయ్యెను. ఏలయన, ఎడారినుండి వచ్చునదైనచో దానిని దారిలో అడ్డవలెను, ఇచటనే కాపురముండునదైనచో దాని నెలవును వెదకి పట్టవలెను. ఈ పరిశోధనమును నిర్వహించి 1906లో వివరణగ్రంథమును ప్రకటించిన కీటకశాస్త్రవేత్త లెఫ్రాయి, అది వేరొక జాతియనియు, వానలు లేని మాసములను సహ్యాద్రి ప్రాంతపు అడవులలో గడపి, తొలకరి పడగానే పచ్చికబయళ్ళకు దిగి గ్రుడ్లు పెట్టుననియు, ఏటికి ఒక్క తరము మాత్రమే పెరుగుననియు నిరూపించెను. పీడ బయటినుండి రాలేదు, కొండమీదినుండి దిగినది.

ఇక రంగును నమ్మి జాతిని నిర్ణయించువారి ధీమాను మొదలంట కదల్చినవాడు రష్యా దేశీయుడైన బోరిసు ఉవరోవు. ప్రకృతిశాస్త్రజ్ఞుడైన లిన్నేయసు మహాశయుడు 1758లో ఒక దండుమిడతకును, 1767లో మరియొకదానికిని వేర్వేరు పేర్లు పెట్టగా, నూటయేబది యేండ్లకు పైగా పండితులు వానిని రెండు జాతులుగనే గణించుచు వచ్చిరి. స్టావ్రోపోలు ప్రాంతమున మిడతల నిర్మూలనకార్యమున నుండిన ఉవరోవు, దండుమిడత పెట్టిన గ్రుడ్లనుండియే ఆ రెండవ రూపమును పోలిన సంతానము కలుగుటను గమనించి, ఒంటరిగా పెరిగినచో ఒక వేషమును, గుంపుగా పెరిగినచో వేరొక వేషమును దాల్చు ఒక్క జాతియే ఇది యని 1921లో లండనునుండి ప్రకటించెను. అంతవరకు ఎచటినుండియో వచ్చిపడినదని తలచిన దండు, ఆ నేలపై లోగడ చెదరియుండిన మిడతలనుండియే పుట్టి యుండవచ్చునని దీనివలన తెలిసినది.

కావున నిపుణుడు రంగును కడపటి సాక్షిగా నుంచి, మీసముల పొడవును, ముందుకాళ్ళ నడుమ రొమ్మున గల చిన్న మొనను, మేయు మొక్కను ముందుగా చూచును. నా మతమున అన్నింటికంటె నిక్కమైన సాక్షి రెక్కలు రాని పిల్ల. రెక్కలు లేనిది గాలివాటున దేశములు దాటి రాజాలదు, తల్లి ఇచటి మట్టిలోనే గ్రుడ్లు పెట్టియుండవలెను.

నిజముగా పరదేశము నుండి వచ్చినవి లేకపోలేదు. అమెరికా నైరృతి ప్రాంతమునకును మెక్సికోకును చెందినదై, ఎడారి మిడతకు దాయాదియైన బూడిదవన్నె మిడత యొకటి 1964లో హవాయిలోని ఓహూ ద్వీపమున తొలుత కనబడెను. కాలక్రమమున అది జనశూన్యమైన నిహోవా ద్వీపమునకును ప్రాకి, 2002లోను 2004లోను అచటి పచ్చదనములో అధికభాగమును మ్రింగివేసెను. ఆ ద్వీపమున తప్ప లోకమున మరెచ్చటను సహజముగా పెరుగని తాటిజాతి వృక్షములు అచట కలవు. వచ్చినదానిని చంపుటకు మందు చల్లుదమన్నను, పొడుగాటి మీసములు గల చిమ్మటవంటి కీటకమొకటి అదే ద్వీపమునకు పరిమితమై, అవే పొదలలో కాపురముండుట చేత, ఆ పని సులువు గాదు.