పెట్టెలో లేని తెలుగు

లండన్ మిషనరీ సొసైటీ పంపగా అగస్టస్ డెగ్రాంజెస్, జార్జ్ క్రాన్ 1805లో విశాఖపట్నం చేరారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ల పుస్తకం 1812లో వెలువడింది, అదీ విశాఖలో కాదు, బెంగాల్లోని సెరంపూర్‌లో. తెలుగు సీసపు అక్షరాలు అక్కడున్నాయి మరి! ఆ ఏడాది మార్చి 11న సెరంపూర్ అచ్చుకూటం తగలబడింది. సీసం కరిగి ముద్దయింది. అక్షరాలు పోతపోసే మూసలు బూడిదలో దొరకబట్టి మళ్లీ పని సాగింది.

అచ్చు యంత్రం ఏదైనా తెలుగు దాంతోపాటు రాలేదు. ఎవరో ఒకరు విడిగా తయారుచేసి బిగించాల్సి వచ్చింది. కంప్యూటర్ వచ్చాకా అదే వరస.

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ తన పుస్తకం ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక, 1977లో టెక్ అనే అక్షర కూర్పు వ్యవస్థకు శ్రీకారం చుట్టాడు. అక్షరాలు గీయడానికి మెటాఫాంట్ కూడా రాశాడు. గణితానికి టెక్‌ను మించింది ఇప్పటికీ లేదు. తెలుగు మాత్రం అందులో లేదు. 1991లో ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణ్‌కుమార్ తెలుగుటెక్ చేసి ఆ లోటు తీర్చారు. అవినాశ్ చోప్డే రాసిన లిప్యంతరీకరణ సాధనం ఐట్రాన్స్ కూడా తెలుగుకు వాళ్ల ఫాంట్లనే వాడుకుంది. ఆ ఫాంట్లు చేయడం చిన్న పని కాదు. అప్పటి టెక్ ఫాంటులో 256 గదులే. మన హల్లులకు గుణింతాలు కడితేనే నాలుగు వందలు దాటుతాయి, వత్తులు వేరే. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు విడివిడిగా గీసి పేజీ మీద అతికించాలి.

ఇక ఇలాంటి ఫాంట్లను, ప్యాకేజీలను మన కంప్యూటర్లోకి ఎక్కించడం ఇంకో కథ. మెటాఫాంట్ రాతలుండే ఎంఎఫ్ ఫైళ్లు ఒక ఫోల్డరులో, కొలతలుండే టీఎఫ్ఎం ఫైళ్లు ఇంకో చోట, మాక్రోలు మరో చోట పెట్టాలి. టెక్ మీద కట్టిన లేటెక్‌కు చెందిన ప్యాకేజీ అయితే ముందు ఐఎన్‌ఎస్ ఫైలును నడిపి ఎస్‌టీవై ఫైలును పుట్టించుకోవాలి. అన్నీ పెట్టాక, టెక్ చూసుకునే ఫైళ్ల జాబితాను తాజా చేసే ‘మేక్‌టెక్స్‌ఎల్ఎస్ఆర్’ ఆదేశం ఇవ్వాలి. అది మరిచారా, ఫైలు కళ్లెదుటే ఉన్నా టెక్ చాలాసార్లు దొరకలేదంటుంది. గ్రంథాలయంలో బీరువా నిండా పుస్తకాలున్నా, రిజిస్టరులో ఎక్కకపోతే లేనట్టే కదా. కొత్తవాళ్ల విసుగులో సగం ఈ ఒక్క మెట్టు దగ్గరే.

2004లో జొనాథన్ క్యూ టెక్‌కు కొత్త రూపమైన జీటెక్ తెచ్చాక యూనికోడ్ తెలుగు నేరుగా టైపు చేసే వీలొచ్చింది. తెలుగు మాటను పంక్తి చివర విరిచే సూత్రాలను సంతోష్ తోట్టింగల్ సమకూర్చారు. అవిప్పుడు టెక్ సాఫ్ట్‌వేర్లన్నీ కలిపి ఇచ్చే టెక్‌లైవ్‌లో భాగం. అంటే తెలుగు కొంతవరకైనా పెట్టెలోకి చేరింది. మనకు నచ్చిన ఫాంటును మాత్రం ఇప్పటికీ మనమే తెచ్చి వేసుకోవాలి.

విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం కళాశాలల్లో తెలుగులో సిద్ధాంత గ్రంథం కూర్చేవారికి ఒక మాట. చేత్తో వేసుకున్న ప్రతి ప్యాకేజీ పేరు, వెర్షను, పెట్టిన ఫోల్డరు ఒక కాగితం మీద తెలుగులోనే రాసి, మీ తర్వాత వచ్చే విద్యార్థికి ఇవ్వండి.